రైలును దించిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న సంగతి నాకు అందరికన్నా రెండు గంటలు ఆలస్యంగా తెలిసింది. కబురు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపును నేను మూడేళ్ల కిందే మ్యూట్ చేసి పెట్టుకున్నాను. దానికి కారణం కూడా మా మేనత్తే. రోజూ పొద్దున ఒక రైలు, మధ్యాహ్నం ఒక రైలు, మనసు బాగుంటే సాయంత్రం ఇంకొకటి వీడియో తీసి అందులో పెట్టేది. దసరా శుభాకాంక్షల నడుమ గూడ్సు బండి, ఎవరిదో పెళ్లిపత్రిక కింద మళ్లీ గూడ్సు బండి. ఆ రోజు గ్రూపు పక్కన అంకె పెరుగుతుంటే ఏదో పొడుగాటి రైలే వచ్చి ఉంటుందనుకుని తెరవలేదు. ఈ మాట రాస్తుంటే నవ్వూ వస్తోంది, సిగ్గూ వస్తోంది.

పొద్దున చాయ్ తాగి, బీడీలు చుట్టుకునే చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగిందట. పక్కింటామె కత్తెర అడుగుదామని వచ్చి చూసేసరికే అయిపోయింది. డెబ్బై దాటిన మనిషి. మామ ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. నిజామాబాద్ చుట్టుపక్కల ఒక రైల్వే స్టేషన్ వెనక వాడలో ఉండేది. ఆ స్టేషన్ పేరు రాయను. రాస్తే అక్కడ పనిచేసి వెళ్లిన ఒక సారు నొచ్చుకుంటాడు. ఆయన చెడ్డవాడు కాదు.

రైలు వీడియోలు తీసేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. వాళ్లకు పెద్ద కెమెరాలు, మూడు కాళ్ల స్టాండ్లు ఉంటాయట. మా అత్తకు ఒక పగిలిన ఫోను, ఒక చాట ఉండేవి. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, నల్లా పక్కన బెంచీ మీద కూర్చుని, రైలు వచ్చేదాకా బీడీలు చుట్టేది. సిగ్నల్ పడగానే చాట పక్కన పెట్టి, కొంగు బొడ్లో దోపి లేచేది. రైలు డబ్బాలను బయటికి వినపడేట్టే లెక్కపెట్టేది. ఆమె తీసిన ప్రతి వీడియోలో రైలు చప్పుడుకన్నా ఆమె లెక్కే గట్టిగా వినపడుతుంది. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే కోపం వచ్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. అందుకని ఆమె లెక్క ప్రకారం కొన్ని రైళ్లు సగానికి సగం పొట్టివి.

ఇంజిన్లకు ఆమె పెట్టిన పేర్లు వేరే. ఒకటి కోపం ఇంజిను, ఒకటి నవ్వుమొఖందట. పెద్దింటి కోడలు అని ఇంకొకటి ఉండేది, అది చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతుంది. ఇదంతా ఎందుకత్తా అని ఒకసారి అడిగాను.

"ఎందుకేందిరా? రైలు వస్తది గదా."

"వస్తే ఎక్కాలె. వీడియో ఎందుకు?"

"నా పెండ్లయినంక బోధన్ దాక రైల్నే తీస్కపోయిండ్రు. అందరు ఒకటే చెప్పుడు, రైలెక్కినవ్ రైలెక్కినవ్ అని. నాకేం కనవడ్డది? ముందటి బల్ల మీద మా అత్త మొఖం కనవడ్డది. ఎక్కినోనికి రైలు కనవడదు బిడ్డా. నిలవడ్డోనికే కనవడ్తది."

అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అంతకన్నా సరైన కారణం నేను చేసే ఏ పనికీ లేదు.

ఇక అసలు గొడవ. ఒకరోజు నా జిరాక్సు దుకాణంలో ఉండగా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ అత్తగారు ఒక సీరియస్ విషయంలో మా దగ్గర ఉన్నారు, మీ పేరు కూడా చెప్పారు" అన్నారు. మిషన్లో కాగితాలు అట్లాగే వదిలేసి బండి మీద ఉరికాను. యూనిఫాంలో ఉన్న రైల్వే పోలీసు సారు కోనసీమ వైపు మనిషి, బదిలీ మీద వచ్చి పది రోజులు కూడా కాలేదు. ఆయన ముందు ఒక తెల్లకాగితం మీద మా అత్త వాంగ్మూలం ఉంది. చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

జరిగింది ఇది. మా వైపు ఫొటో తీయడాన్ని ఫొటో దించుడు అంటాం. ఆయన వెళ్లి, "ఏమ్మా, ఇక్కడ ఏం చేస్తున్నావ్?" అని అడిగాడు.

"రైలును దించుదామని కూసున్న సారు" అంది మా అత్త.

"ఏంటీ, దించుతావా?"

"రోజు దించుత. మొన్న ఒక గూడ్సు దించిన. నిన్న ముంబై బండి జరంతల తప్పిచ్చుకున్నది. ఇయ్యాల ఎట్లనన్న దించాలె."

"ఎవరెవరున్నారు నీతో?"

"నేనొక్కదాన్నే. పండుగలకు మా అల్లుడు వస్తే వానికి గూడ నేర్పిస్త."

ఆ అల్లుణ్ని, అంటే మేనల్లుణ్ని, నేనే. పాపం ఆయన తప్పేముంది? పట్టాల మీద నుంచి రైళ్లను దించే ముసలమ్మ, ఆమెకొక శిష్యుడు. చాటలో ఉన్న పొడి ఏమిటోనని దూరం నుంచి కర్రతో కదిలించి చూశాడట. అది బీడీల తంబాకు అని తేలాక, "స్టేషన్లో బీడీలు నిషేధం, తెలీదా?" అన్నాడు. "తాగుడు నిషేధం సారు, చుట్టుడు గాదు" అంది ఆమె. ఆ వాక్యం కూడా వాంగ్మూలంలో రాసుకున్నాడు.

నేను పోయి దించుడు అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. ఆయన ముందు నన్ను అనుమానంగా చూశాడు, తర్వాత కాగితాన్ని చూశాడు, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వి, మొహం తుడుచుకుని, మళ్లీ యూనిఫాంలోకి వచ్చేశాడు. "అయినా సరే, స్టేషన్లో వీడియోలు తియ్యకూడదండి. తప్పు చేశాను, ఇకమీదట తియ్యను అని ఒక మాట రాసి సంతకం పెడితే ఫోన్ ఇచ్చేస్తాను" అన్నాడు.

మాఫీనామా నేనే రాశాను. దుకాణంలో అర్జీలు రాసివ్వడం నాకు రోజూ చేసే పనే. కాగితం ఆమె ముందు పెట్టి, "సంతకం చెయ్ అత్తా, ఇంటికి పోదాం. ఎందుకీ పంచాయితీ" అన్నాను. ఆమె ఏమాత్రం తొందర లేకుండా మొత్తం చదివింది. చదివి నా వైపు కాదు, ఆయన వైపు తిరిగింది.

"తప్పు చేసిన అని నన్ను రాయమంటున్నవ్. మంచిది. ఏం తప్పు చేసిన్నో ముందుగాల నువ్వు రాసియ్యి సారు. ఏ కాగితంల ఉన్నదో అది సూపియ్యి. సూపిస్తే నేను గీ ఫోను నీ బల్ల మీన్నే ఇడిసివెట్టి పోత."

"రూల్ ఉందమ్మా."

"ఉంటే సూపియ్యి. పదేండ్ల సంది టికెట్ కొని వస్తున్న. దొంగతనానికి వచ్చెటోళ్లు టికెట్ కొంటరా?"

ఫోను సొరుగులోకి వెళ్లింది, మా అత్త బెంచీ మీదికి వెళ్లింది. ఆమెను ఇంటికి తీసుకుపోతూ దారి పొడుగునా తిట్టాను. నలుగురిలో పరువు పోయిందన్నాను, కేసు పెడితే కోర్టుల చుట్టూ తిరగాలన్నాను. అన్నీ విని, "నీకు భయమైతుంది, గంతే గదా. గది చెప్పు, సాలు" అంది. నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది.

తెల్లారి మళ్లీ టికెట్ కొని వెళ్లింది. సారు గదికి ఎదురుగా కూర్చుంది. బీడీలు చుట్టింది, రైలు వస్తే లేచి నిలబడింది, చేతిలో ఏమీ లేకుండానే డబ్బాలు లెక్కపెట్టింది. మరునాడూ అంతే. లోపల ఆయన ఏదో రాసుకోబోతే బయట నుంచి పదమూడు, పద్నాలుగు అని వినపడుతుంటే పాపం ఏం రాస్తాడు? నాలుగో రోజు ఒక గూడ్సు పోయింది. మా అత్త నలభై నాలుగు అని ముగించింది. గదిలోంచి, "నలభై అయిదు" అని వినపడింది.

"ఇంజిను కలిపి లెక్కవెట్టినవ్ సారు" అంది ఆమె, తల కూడా తిప్పకుండా.

ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిపించాడు. తన దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశానన్నాడు, పైవాళ్లను కూడా అడిగానన్నాడు. సినిమా షూటింగులకు, వ్యాపారానికి తీసేవాళ్లకు అనుమతి కావాలని ఉందట. బీడీల చాటతో వచ్చి ఊరికే తీసుకునే ఆవిడ గురించి మాత్రం ఏ కాగితంలోనూ ఏమీ లేదట. "లేని రూలుకి సంతకం పెట్టమని అడిగానండి. ఆవిడే కరెక్టు" అన్నాడు. అంత మాట ఒప్పుకున్న యూనిఫాం మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఫోను ఆమె చేతికిచ్చి, ఒక్కటే షరతు పెట్టాడు, పసుపు గీత దాటి ముందుకు రావద్దని.

"గది న్యాయం. గీత అంటే గీతనే" అంది మా అత్త. ఆ రోజు నుంచి ఆ గీతకు ఆమే కాపలా. సెల్ఫీల కోసం అంచుకు పోయే కాలేజీ పోరగాళ్లను చొక్కా పట్టుకుని వెనక్కి లాగేది. బదిలీ అయ్యేదాకా సారుకు సగం పని తప్పింది.

ఫోను చేతికొచ్చినా ఆమె సంతోషపడలేదు. ఆ నాలుగు రోజుల్లోనే ఒక బండికి కొత్త ఇంజిను తగిలించి మొదటిసారి తెచ్చారు. అది తీయలేకపోయింది. "పాత మాటలకేం, మాఫ్ చేస్త. గా నాలుగు దినాలు నాకెవరు తెచ్చిస్తరు?" అంటూ చాలా రోజులు గుణిసింది. అప్పుడు నాకు అర్థమైంది, నేను పరువు గురించి మాట్లాడుతుంటే ఆమె తన రోజుల గురించి మాట్లాడిందని. నా దుకాణానికి వచ్చేవాళ్లు కాగితం చదవకుండానే ఎక్కడ సంతకం పెట్టాలో అడుగుతారు. ఒకప్పుడు వేలు పెట్టి చూపించేవాణ్ని. ఇప్పుడు ముందు చదువుకోమంటున్నాను. గిరాకీ కొంత తగ్గిన మాట వాస్తవం. అయినా అత్తా, నువ్వు నేర్పిన చదువుకు నేను రుణపడి ఉన్నాను.

ఆమెను తీసుకుపోయిన రోజు శ్మశానానికి పట్టాలు దాటి పోవాల్సి వచ్చింది. మేం చేరేసరికి గేటు పడింది. అంత దూరం నడిచి భుజాలు నొస్తున్నాయి. పెద్దమనిషి ఒకాయన, "ఇక్కన్నే దింపుడు కల్లం కానియ్యిండ్రి" అన్నాడు. పాడె కిందికి దించాం. పిల్లలు లేరు కాబట్టి చెవిలో మూడుసార్లు పిలవాల్సింది నేనే. డప్పులు ఆగాయి. వంగి, అత్తా అన్నాను. రెండోసారి అనేలోపే కూత వినపడింది. మూడోసారి ఏమన్నానో నాకే వినపడలేదు.

లేచి చూస్తే వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు బయటికి తీస్తున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆమెకు రైళ్ల పిచ్చి అని తిట్టే ఆమె ఆడబిడ్డ తీసింది, డప్పులవాళ్లు తీశారు, గ్రూపులోంచి ఎప్పుడో వెళ్లిపోయిన మా తమ్ముడు తీశాడు. నా ఫోను కూడా తీశాను. రైలు మా ముందునుంచి పోతోంది. కిటికీల్లోంచి, తలుపుల దగ్గర నిలబడి, ప్రయాణికులు పాడెను, పూలను, ఫోన్లు ఎత్తి నిలబడ్డ మమ్మల్ని చూసి ఆశ్చర్యంతో వాళ్ల ఫోన్లు కూడా ఎత్తారు. మమ్మల్ని ఎందుకు తీస్తున్నారని మాలో ఒక్కరం కూడా అడగలేదు.