పేనియామినా మూడేసి మాటలు

సమోవాలోని మా సవాయీ దీవిలో మా ఊరి వక్తగా నేను మాట్లాడని ఊరు లేదు. చదివింది పాస్టరుగారి బడిలో నాలుగు తరగతులే. అయినా రెండు భూమి తగాదాలు నా నోటితో తెగాయి. ఒకసారి మావాడి చేతిలో ఒక ప్రాణం పోతే, మా పెద్ద క్షమాపణ కోరే ఆచారం ప్రకారం తలమీద చాప కప్పుకుని చనిపోయినవాడి ఇంటి గుమ్మం ముందు కూర్చున్నాడు. పక్కన నిలబడి నేను ‘తప్పు మాది’ అని మూడుసార్లన్నాను. ఒకసారి ఊరి తరఫున, ఒకసారి నా తరఫున, చివర చనిపోయినవాడి తల్లి ముఖం చూసి. ఆవిడే లేచి, క్షమించానన్నట్టు చాప తీసింది. అన్న మాటే మళ్లీ అనడమంటే తెడ్డు వేయడం; వేసిన ప్రతిసారీ పడవ కదలాలి.

మా ఊరి ఇంకో వక్త పేనియామినా కట్టేసిన పడవకు తెడ్డు వేసే రకం. ఊరి తరఫున మాట్లాడే ఆ పదవి తండ్రి నుంచి వచ్చింది, విషయం రాలేదు.

మా ఊళ్లో తాగేది సముద్రం వెనక్కి తీసినప్పుడు ఒడ్డు ఊటలో తోడుకునే ఉప్పునీళ్లు. పై ఊరివాళ్ల నేలమీదుగా మంచినీటి గొట్టం వేసుకోనివ్వమని అడగడానికి వెళ్లాం. ఎవరు మాట్లాడాలన్న వాదంలో ‘ఈసారి నాకివ్వండి, ఈసారి నాకివ్వండి’ అని అతను అందరి ప్రాణం తీశాడు. విసిగి ఇచ్చేశారు. దేబిరించడం నా అలవాటు కాదు, ఊరుకున్నాను.

లేచాడు. చల్లని పొద్దు అని మూడుసార్లు, దేవుడి దయ అని మూడుసార్లు, మీ కొండ ఎత్తు అని మూడుసార్లు. గొట్టం ఊసు లేదు. పై ఊరి వక్త తోఫీ మర్యాదగానే అడ్డుకున్నాడు. “చాలయ్యా, మీ మనసు మాకు తెలిసింది. ఇక గొంతుకు విశ్రాంతివ్వండి.”

విషయమున్నవాడు అక్కడ ‘ఇంకొక్క మాట’ అని నిలబడతాడు. ఇతను మెచ్చుకున్నారనుకుని మురిసిపోయి కూర్చున్నాడు. వెంటనే సభ ముగింపుకు తాగే వేరు పానీయం, కవ గిన్నె తిరిగింది. కవ తాగాక అడిగేది ఉండదు, ఇచ్చేదీ ఉండదు.

అతని తొడ గిల్లాను. “నీళ్లు అడిగావట్రా?”

“దానికే వస్తున్నా మావా. వాళ్లే ఆపేశారు.”

ఇంటికెళితే అతని పెళ్లాం మాలియా ఏమైందని అడిగింది. బాగా విన్నారన్నాడు, చాలా బాగా విన్నారన్నాడు.

“గొట్టం ఇస్తామన్నారా?”

“వాళ్ల కొండ మాట ఎత్తగానే...”

ఆవిడ బకెట్టు అతని చేతిలో పెట్టింది. “సముద్రం వెనక్కి తీసింది. పోయి తోడు.”

ఆ ఏడే పక్క ఊరివాళ్లు వెళ్లి అడిగారు. గొట్టం వాళ్లకు పడింది.