ఇమ్లాల్ గోతి దగ్గర తూదా

తూదా మొగుడు సక్కూ, ఆమె తమ్ముడు జాయిద్ ఇద్దరిదీ ఒకే గని గొయ్యి. రిస్సానీ ఊరికి దక్షిణాన, సహారా ఇసుక మొదలయ్యేచోట ఇమ్లాల్ అనే నల్లటి బోడికొండ మీద మనిషి పట్టేంత వెడల్పున నిలువుగా తవ్వుకున్నారు. లోపల తెల్లటి ముగ్గురాయి పొర, దాన్ని కరుచుకుని సీసం రాయి, అక్కడక్కడా ఊదారంగు గాజుపెంకుల్లాంటి ఫ్లోరైటు. పెద్ద కంపెనీవాళ్లు వచ్చి చూసి, ఇంత చిన్నదానికి యంత్రాలెందుకని వెళ్లిపోయారు. ఆ చిన్నదే వీళ్లకి తిండి పెట్టింది.

జాయిద్ అడుగున తవ్వేవాడు. సక్కూ పైన చెక్క రాట్నం తిప్పుతూ, పాత టైరుతో కుట్టిన బొక్కెనలో రాయినీ, సాయంత్రమైతే బావమరిదినీ పైకి లాగేవాడు. తూదా సుత్తితో రాళ్లు కొట్టి ముగ్గురాయి ఒక పక్కకీ, సీసం ఒక పక్కకీ వేసేది.

అంతా బాగానే ఉండగా ఒక పెళ్లివిందులో జాయిద్ నోరు జారాడు. “పైన నిలబడి తిప్పేదానికేముంది! బావ రాకపోతే గాడిదని కడతాను” అని నలుగురిలో నవ్వాడు. సక్కూ చేతిలోని మాంసం ముక్క పళ్లెంలో పెట్టేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే రాట్నం దగ్గరికి వచ్చాడు. మాట మాత్రం రాలేదు. అలా ఏళ్లు గడిచాయి.

“తాడు నలిగింది, రాయి తక్కువ నింపమని నీ తమ్ముడికి చెప్పు” అనేవాడు సక్కూ. తమ్ముడు పక్కనే నిలబడి ఉండేవాడు.

“అలాగేనని మీ ఆయనకి చెప్పక్కా.”

“నేనేమన్నా టెలిఫోను తీగనా? ఒకరి తుమ్ము ఒకరికి వినిపిస్తోందిగా!” అని తూదా తిట్టేది. తిట్టి, మళ్లీ ఇద్దరి మాటలూ మోసేది.

ఒకసారి పక్క గోతివాడు హమ్మూ మోటారు తెచ్చి, తన దగ్గరికి రమ్మని జాయిద్‌ని పిలిచాడు. జాయిద్ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని తూదా పిండి పిసుకుతూ నిలదీసింది.

“మోటారుకి రాయయినా మనిషయినా ఒకటేనక్కా. నేనెక్కానంటే బావ చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇంకొకళ్ల తాడు మీద నేను దిగను. ఈ మాట ఆయన చెవిన వేశావో, నీ గడప తొక్కను.”

ఆమె నోట్లో మాట దాగదని అందరికీ తెలుసు. ఆ ఒక్క మాటనీ ఎలాగో అదిమిపెట్టుకుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉల్లిపాయా కొవ్వూ కూరి కాల్చిన రొట్టె పట్టుకుని తూదా వచ్చేసరికి, అడుగునుంచి కేక వినబడింది.

“బావా!”

సక్కూ రాట్నం దగ్గరనుంచి ఒక్క దూకు దూకాడు. గోతి అంచున బోర్లా పడుకుని “ఏమైందిరా? రాయి పడిందా?” అని అరిచాడు.

“ఏం పడలేదు. నువ్వొకసారి దిగి చూడాలి.”

“ఏముందక్కడ?”

“చెప్పడం నావల్ల కాదు. దిగు!”

తను మాట్లాడేశానన్న సంగతి సక్కూకి అప్పుడు తట్టింది. లేచి మోకాళ్లు దులుపుకుని, పెళ్లాంవైపు తిరిగి “నేను దిగనని చెప్పు” అన్నాడు.

తూదా రొట్టెని రాయి మీద పడేసింది. “నువ్వు తిప్పితే తప్ప వాడు ఏ గోతిలోనూ దిగనన్నాడు. హమ్మూ మోటారుని కాదన్నది అందుకే. చెప్పొద్దని ఒట్టేయించుకున్నంత పని చేశాడు. ఇదిగో, చెప్పేశాను!”

సక్కూ తాడుని వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత తాడు ముడిలో కాలు పెట్టి “తిప్పగలవా?” అని అడిగాడు.

పక్క గోతినుంచి హమ్మూ పరుగున వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. మొగుడి బరువు భుజాల్లోకి దిగుతుంటే తూదాకి ఊపిరాడలేదు. ఇన్నేళ్లూ తమ్ముణ్ణి ఈయన ఒక్కడే లాగాడా అనుకుంది. తాడు వదులైంది. తర్వాత కిందనుంచి ఇద్దరి నవ్వూ కలిసి వినబడింది.

సక్కూ పైకి రాగానే తూదా కొంగు బిగించింది. “ఇక నన్ను దింపండి.”

“ఆడవాళ్లు దిగితే రాయి మాయమవుతుందంటారు” అన్నాడు హమ్మూ.

“మాయమైతే మాది మాయమవుతుంది. నీ సొమ్మేం పోయింది?”

సక్కూ నవ్వాపుకుంటూ రాట్నం పట్టుకున్నాడు.

కింద, రాతిలో చిన్న గదంత బోలు. కార్బైడు దీపం వెలుగులో గోడలనిండా ఊదారంగు పలకల దిమ్మెలు, వాటిమీద రేకులు విచ్చినట్టు తెల్లటి ముగ్గురాయి, మధ్యలో సీసం మిలమిలలు. జాయిద్ దుమ్ముకొట్టుకుపోయిన కనురెప్పలతో చతికిలబడి ఉన్నాడు.

“చెప్పేశావు కదూ?”

“చెప్పేశాను. ఇక నా గడప తొక్కకు.”

“రాత్రి భోజనానికి వస్తున్నాను. బావే పిలిచాడు.”

ఆ ఎండాకాలమంతా తూదానే ఆ గదిలో పనిచేసింది. పలకలు చిట్లకుండా కర్రమేకుతో ఒక్కొక్కటీ ఊడదీసి, ఉన్నిలో చుట్టి పైకి పంపేది. అలంకారపు రాళ్ల వ్యాపారులు రిస్సానీనుంచి కొండదాకా వచ్చి కొనుక్కుపోయారు. చలికాలానికి గది ఖాళీ అయింది. ఆ పైన తగిలిందంతా వట్టిరాయే. వీళ్లు గొయ్యి మూసి, మేకల్ని కొనుక్కుని కొండ దిగారు.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే తూదా ఆ గది గురించి తక్కువే చెబుతుంది. సాయంత్రం పైకొచ్చాక తను టీ కాస్తుంటే, మొగుడు వెనక కూర్చుని, తన జుట్టులో ఇరుక్కున్న ఊదా రాతిపొట్టుని గోళ్లతో ఒక్కొక్కటే ఏరేవాడని మాత్రం చెబుతుంది.