ఎదురు వంపు విల్లు

మా ఆయన కరెంటాఫీసుల లైన్‌మన్. బూర్గంపాడు చుట్టుపక్కల యాడ తీగ తెగినా ఆయనే ఉరకాలె. గసొంటి మనిషికి ఆ ఏడు చలికాలంల విల్లు పిచ్చి పట్టింది. అదన్న మామూలు విల్లా అంటే కాదు. గూడెంల పుట్టి పెరిగిన నాకు విల్లంటే తెలవదా? మా విల్లు తాడు దింపితే సక్కగ కర్ర లెక్క ఉంటది. ఈయన చేద్దామన్నది తాడు దింపితే ఎదురు దిక్కుకు వంగి కూసునేది. మళ్ల తాడు ఎక్కించాల్నంటే ఆ వంపునంతా తిరగేసి ఇవతలికి గుంజాలె. "బంగారమసొంటి కర్రను పట్టుకొని ఈ తిప్పలేందయ్యా" అని రోజూ సతాయించేదాన్ని.

ఆ తిప్పలంతా మా మామ కోసం. విత్తనాల పండుగనాడు మా ఇంటి తరఫున మొదటి బాణం ఇంటి పెద్దే వెయ్యాలె. ఇప్పుడు వేట లేదు, ఫారెస్టోళ్లు ఊకోరు. అందుకని చింతచెట్టుకు సొరకాయ కట్టి కొడతరు. తగలకపోతే ఆడోళ్లమంత కలిసి ఆ మనిషి మీద బురదనీళ్లు పోస్తం. ఆ సరదా కోసమే సగంమంది కావాల్నని తప్పు కొడతరు.

అంతకు ముందటేడు మామ ఇప్పచెట్టు మీదికెళ్లి పడ్డడు. భద్రాచలం దవాఖానాల కట్టు కట్టిండ్రు గానీ కుడి భుజానికి పాత సత్తువ రాలే. పండుగనాడు తన విల్లు సగం కూడా గుంజలేకపోయిండు. బాణం నడిమిట్ల పడ్డది. మేం బిందెలు పట్టుకొని నిలబడ్డం, ఒక్కరికి కూడా నీళ్లు పోయబుద్ధి కాలే. పోస్తే నవ్వేటోడే. జాలిపడి ఊకున్నమని ఆయనకు సమజైంది. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, బువ్వ కూడా తినలే.

మా ఆయన లెక్క గిట్లుండె. మెత్తగ గుంజినా బాణం దూరం పోవాలె. ఎదురు వంపు ఉన్న కర్ర తాడు ఎక్కించంగనే బిగువు మీద ఉంటది గనుక కొద్ది బలానికే ఎక్కువ తోస్తది. ఫోన్ల చూసి నేర్చిండు. చూసుడు అల్కగనే ఉంటది.

మావోళ్లు విల్లుకు వాడే జాన చెట్టు కర్ర తెచ్చి సన్నగ చెక్కిండు. పెండ్లిళ్లకు అన్నం వండే నా పెద్ద గంజుల నీళ్లు మరగబెట్టి, పైన గోనెసంచి కప్పి, కర్రకు ఆవిరి పట్టిండు. మెత్తబడ్డంక మోటార్‌సైకిల్ టైరుకు కట్టబోతే పటుక్కుమన్నది. వంపు మరీ ఎక్కువైందని రెండోదాన్ని ట్రాక్టర్ టైరుకు కట్టిండు. అది ఇరగలేగానీ, ఆరినంక చూస్తే పిడికిలి పట్టుకు అటు కొమ్మ ఎక్కువ, ఇటు కొమ్మ తక్కువ వంగింది. ఇంకోటి తాడు ఎక్కించంగనే పక్కకు మెలిపడి తిరగబడి నా గదవకు తగిలింది. తాడు ఎక్కించుడు ఒక్కరి పని కాదు మరి. ఆయన మోకాలు ఆనించి రెండు చేతుల వంచితే, నేను తాడు చివరి ఉరి తెచ్చి కర్ర కొనకు తగిలించాలె. మా పాత విల్లుకు తాడు లెక్క కట్టే వెదురు బద్ద దీని బిగువుకు ఆగలే, చేపల వల దారం పేని కట్టినం. పొగ, చెమట, ఆ ఉడికిన కర్ర వాసన, నడుమ నడుమ మా తిట్లు. పెండ్లయిన కొత్తల కూడా మేం అంతసేపు ఒక్కకాడ కూసున్నది లేదు. ఆ రోజులు యాదికొస్తే ఇప్పటికీ పాణం గుంజుతది.

పండుగకు ఒక్క విల్లు నిలబడ్డది. మామ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. నిలబడి గుంజిండు, చెవి దాక వచ్చింది. బాణం సొరకాయకు తగల్లే. దాన్ని దాటి ఎనుక పొదల దాక పోయింది. ఇగ చూడాలె, మేం ఎగబడ్డం. మొదటి బిందె నేనే పోసిన. బురదల తడిసి ముసలాయన పండ్లు లేని నోటితోని నవ్విండు.

ఇంటికి రాంగనే మా ఆయన తాడు దింపబోయిండు. ఎక్కించి పెడితే కర్ర తాడు దిక్కే వంగుడు అలవాటు చేసుకుంటది, వంపు పోతది. మామ విల్లును దగ్గరికి తీసుకున్నడు.

"ఉండనీ."

"ఖరాబైతది నాయనా."

"రోజూ పొద్దున లేచి ఒక్కసారి గుంజుకుంట. నువ్వు డ్యూటీకి పోతవ్, కోడలుపిల్ల పొలం పోతది. తాడు ఎక్కియ్య రమ్మని ఎవర్ని పిలవాలె?"

మా ఆయన నా దిక్కు చూసిండు, నువ్వన్న చెప్పమన్నట్టు. నేను చెప్పలే. ఒకరిని పిలవకుండ ఆ మనిషి చేసుకునే పని అప్పటికి ఇంట్ల ఏదీ లేకుండె. విల్లు అట్లనే మామ మంచం పక్క గోడ మొలకు ఎక్కింది. పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే తాడు సప్పుడు వినొచ్చేది. వానకాలం ముసుర్లల్ల మా ఆయన విల్లును చూసి నసిగేటోడు, తేమకు వంపు ఇంకింత జారుతదని. తాడు మీద మాత్రం చెయ్యి వెయ్యలే.

గోదారి నిండుగ పారుతున్నప్పుడు మామ నిద్రల్నే పోయిండు.

దినాలు అయినంక మేమిద్దరం విల్లు దింపినం. మునుపు తాడు తియ్యంగనే కర్ర మా చేతులల్లకెళ్లి తన్నుకొని ఎదురుకు లేచేది. మా ఆయన అలవాటుగ మోకాలు ఆనించి గట్టిగ పట్టుకున్నడు. నేను ఉరి తీసిన. కర్ర కదల్లే. సక్కగ, గూడెం విల్లు లెక్క ఉండిపోయింది.

"మళ్ల ఆవిరి పడదామా?" అని అడిగిన.

ఆయన వద్దని తలూపిండు. మేం అంత పాట్లు పడి పెట్టిన వంపునంతా మామ రోజుకింత రోజుకింత వాడుకొని, ఏం మిగల్చకుండ పోయిండు. ఆ కర్ర ఒళ్లె పెట్టుకొని మేమిద్దరం మస్తు ఏడ్చినం.