శరణమ్మ పసుపు పూసిన కార్డులు

జహీరాబాద్‌లో కూర్చుని పోస్టు కార్డుల మీద వ్యాపారం నడిపిన మొదటి మనిషి మా విరూపాక్ష. సాక్ష్యం అడగకండి, సాక్షిని నేనే. ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడక బడి మానేశాను. ఆ నష్టం నుంచి బడి ఇంకా తేరుకోలేదు. తీరిక దండిగా ఉండేది కాబట్టి విరూపాక్ష ఇంటి అరుగు మీదే కూర్చుని అంతా చూశాను.

అతని తాతలు బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. భార్య శరణమ్మ అన్న మహాదేవప్పకు బీదర్‌లో బెల్లం దుకాణం ఉండేది. విరూపాక్ష కొన్నేళ్లు అక్కడ తక్కెడ దగ్గర కూర్చున్నాడు. అతను తూచిన ప్రతి ముద్దనూ మహాదేవప్ప గిరాకీల ముందే మళ్లీ తూచేవాడు. తూకం సరిగ్గానే ఉండేది. అయినా మళ్లీ తూచేవాడు. ఒకరోజు విరూపాక్ష చేతులు దులుపుకుని బస్సెక్కి ఊరికి వచ్చేశాడు. పసుపు దంచి పొడి అమ్ముతానన్నాడు. అది ఎనభై మూడో, ఎనభై నాలుగో.

వెనకే మహాదేవప్ప దిగాడు.

"అమ్ము, నేనొద్దన్ననా? దుకాణం తెరిచిన నాడు నేను సుత వస్త. ఊళ్లె వాళ్లు మొగమాటానికి కొంటరు, వాళ్లను లెక్కవెట్టను. నీ పసుపు కోసం బయటూరి నుంచి ఒక్క మనిషన్న రావాలె. రాకుంటె తక్కెడ సర్దుకొని నా ఎంబడి నడువు."

"సరే బావా," అన్నాడు విరూపాక్ష. మళ్లీ బీదర్‌కు పోయి ఆ తక్కెడ ముందు కూర్చోవడం కంటే బావిలో కూర్చోవడం నయమని నాతో చాలాసార్లు చెప్పాడు.

బయటూరి మనిషిని రప్పించడం ఎలా? దారి చూపింది ఒక టార్చిలైటు కంపెనీ. విరూపాక్ష ఎప్పుడో ఒకసారి ఆ కంపెనీకి ధర అడుగుతూ కార్డు రాశాడు. అంతే, అప్పటి నుంచి వాళ్లు వదల్లేదు. పండుగకు కార్డు, పండుగ పోయాక కార్డు. పోస్ట్‌మ్యాన్ గుండయ్య సైకిలు మా వీధిలోకి దానంతట అదే తిరిగేది, గుండయ్య పైన కునుకు తీసేవాడు.

"చూసినవా," అన్నాడు విరూపాక్ష నాతో. "వానికి దుకాణం యాడున్నదో నాకు తెల్వది. నా చిరునామా వానికి తెల్సు. యాపారమంటె గదే. చిరునామాలు జమ చెయ్యాలె."

చిరునామాలు ఎక్కడ దొరుకుతాయి? పెళ్లిళ్లలో. మా దిక్కు పెళ్లిలో చదివింపుల వేళ ఎవరు ఏం తెచ్చారో ఊరు, పేరు పెట్టి గట్టిగా చదువుతారు. న్యాల్‌కల్ సంగప్ప, ఇత్తడి చెంబు. మొగుడంపల్లి బసమ్మ, రైక గుడ్డ. విరూపాక్ష ఆ ఏడు పిలిచిన పెళ్లికీ పోయాడు, పిలవని పెళ్లికీ పోయాడు. అందరూ భోజనాల వైపు పరుగెడుతుంటే అతను మాత్రం చదివేవాని పక్కన నిలబడి పేర్లు రాసుకున్నాడు. ఆకు ముందు కూర్చోకుండా పెళ్లికి పోయిన మనిషిని నేను అతన్ని ఒక్కణ్నే చూశాను.

తర్వాత కార్డులు తెచ్చి అందరికీ ఒకే మాట రాశాడు. ఫలానా శుక్రవారం మా పసుపు దుకాణం తెరుస్తున్నాము, తప్పక దయచేయగలరు, ఇట్లు విరూపాక్ష. అన్నీ రాసి కట్ట కట్టబోతుంటే శరణమ్మ ఆపింది.

"మూలలకు పసుపు పెట్టకుండ పంపుతవా? చావు కబురనుకుంటరు."

"ఇది దుకాణం కార్డే."

"దుకాణం శుభం కాదా? అండ్లనూ పసుపు దుకాణమాయె."

శరణమ్మ తడి పసుపు తెచ్చి నాలుగు మూలలా పూసింది. చేయి పెద్దది, మనసు ఇంకా పెద్దది. పసుపు మూలల్లో ఆగకుండా లోపలికి పాకి, దుకాణం మాట రాసిన వరసను మింగేసింది. మిగిలింది శుక్రవారం, తప్పక దయచేయగలరు, విరూపాక్ష. గుండయ్య సంచి ఎంత పచ్చగా మెరిసిందంటే ఆ వారం సైకిలుకు దీపం పెట్టలేదు.

శుక్రవారం పొద్దున బండ్లు రావడం మొదలైంది. మొదటి బండి దుకాణం ముందు ఆగింది, చివరి బండి ఇంకా న్యాల్‌కల్ దాటలేదు. నమ్మకపోతే ఎడ్లను అడగండి. ఆడవాళ్లు పట్టుచీరల్లో, పిల్లలు తలల నుంచి నూనె కారుతూ, మగవాళ్ల చేతుల్లో చెంబులు, గిన్నెలు. విరూపాక్ష ముఖం వెలిగి, వెంటనే ముడుచుకుంది. పసుపు కొనడానికి చెంబు తెచ్చినా సరే, అన్ని చెంబులకూ గులాబీ కాగితం ఎందుకు చుట్టి ఉంది?

మొగుడంపల్లి బసమ్మ బండి దిగి శరణమ్మ గడ్డం పట్టుకుంది. "పిల్ల యాడున్నది బిడ్డా?"

"ఏ పిల్ల పెద్దమ్మా?"

"పెండ్లి పిల్ల."

"పెండ్లెవరిది?"

"గది నన్నడుగుతవేంది? కార్డు మీరే ఏసిన్రు."

శరణమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "ఇగో, నాకు తెల్వకుండ రెండో పెండ్లేమన్న పెట్టుకున్నవా?"

"నాకు సుత తెల్వది," అన్నాడు విరూపాక్ష. నిజంగానే అతనికి ఆ క్షణంలో ఏమీ తెలియదు.

అప్పుడే బీదర్ బస్సు దిగి వచ్చాడు మహాదేవప్ప. బండ్లు చూసి కండువా సర్దుకున్నాడు. "ఇంతమంది పసుపుకే వచ్చిన్రా?"

బసమ్మే తేల్చింది. "నిండు చేతులతోటి వచ్చినం, గిట్లనే తిరిగి పోతె మంచిగుండదు. ఎవర్నన్న పీటల మీద కూసోబెట్టుండ్రి."

ఎవరిని? ఇంట్లో ఉన్న జంట ఒకటే. పెళ్లయి పదేళ్లు దాటిన విరూపాక్షనూ శరణమ్మనూ పీటల మీద కూర్చోబెట్టి అక్షింతలు వేశారు. చదివింపులు నేను చదివాను. నా గొంతు తెలుసు కదా, నేను అరిస్తే స్టేషనొచ్చిందనుకుని రైళ్లు ఆగేవి. మొదట పుట్టింటివాళ్లు చదివించాలని జనం పట్టుబట్టారు. పందెం గెలవడానికి వచ్చిన మహాదేవప్ప అటూ ఇటూ చూసి, భుజం మీది పట్టు కండువా తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. వీధిలో ప్రతి ఇంటి నుంచీ జొన్నరొట్టెలు వచ్చాయి. పోయేటప్పుడు ఆడవాళ్లను ఉత్తగా పంపకూడదు కదా, శరణమ్మ ఒక్కొక్కరి ఒడిలో పసుపు పొట్లం పెట్టింది. సాయంత్రానికి దుకాణంలో తక్కెడ తప్ప ఏమీ మిగల్లేదు.

"పందెం నాదే," అన్నాడు మహాదేవప్ప. "వాళ్లొచ్చింది పెండ్లికి."

"పోయేటప్పుడు పసుపు వట్టుకొనే పోయిన్రు గద బావా."

"కొన్నరా?"

"కొనలే."

"మరి?"

"కార్డు చూసే వచ్చిన్రు గద."

ఎవరు గెలిచారో వాళ్లిద్దరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నాకే తెలియకపోతే ఇక ఎవరికి తెలుస్తుంది?

"అన్నా, వచ్చే అమాసకు రా," అంది శరణమ్మ. "అప్పుడు తేల్చుకుందురు."

ఆ తర్వాత గుండయ్య సంచి మళ్లీ పచ్చబడింది. మనకు చదివించినవాళ్ల ఇంట్లో పెళ్లయితే మనల్ని పిలవకుండా ఎలా ఉంటారు? న్యాల్‌కల్ నుంచి, ఝరాసంగం నుంచి లగ్నపత్రికలు వచ్చాయి. కింద చేతిరాతతో ఒక మాట: మీ పసుపు మంచి రంగున్నది, వచ్చేటప్పుడు పెండ్లికి సరిపడ తెండి, పైసలిస్తం.

అమావాస్యకు మహాదేవప్ప వచ్చాడు. విరూపాక్ష లేడు. సంచి భుజాన వేసుకుని ఝరాసంగం పెళ్లికి పోయాడు. ఈసారి పేర్లు దొంగచాటుగా రాసుకోవడం లేదు, కార్డు వేస్తే వస్తారా అని అడిగి మరీ రాసుకుంటున్నాడు. దుకాణం ముందు పసుపు కోసం మొగుడంపల్లి నుంచి వచ్చిన బసమ్మ, ఆమె వెనక మరికొందరు. లోపల శరణమ్మ రోకలి పోటు ఆపకుండానే కేక వేసింది.

"అన్నా, జర తక్కెడ చూడు."

మహాదేవప్ప నిలబడ్డాడు, తక్కెడ ముందు కూర్చున్నాడు. బసమ్మకు తూచి పొట్లం కట్టబోయాడు.

"పెద్దమ్మా, మల్లొక్కసారి తూయించుకో," అన్నాను అరుగు మీద నుంచి.

మహాదేవప్ప నా వైపు చూశాడు. పొట్లం విప్పి, మళ్లీ తూచాడు.