గీత పెట్టిన పెంకలు

సాంసన్ సారుకు భయమంటే మహబూబాబాద్‌లో ఎవరూ నమ్మరు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కరాటే నేర్పుతున్న మనిషి. ఏ బడిలో వార్షికోత్సవమైనా చివరి అంశం ఆయనదే. ఒకదాని మీద ఒకటి ఎనిమిది బెంగుళూరు పెంకలు, ఒక్క అరుపు, ఒక్క దెబ్బ! ముందు వరుసలోని పెద్దమనుషులు సైతం కుర్చీలు వెనక్కి జరుపుకొనేవారు.

ఆ పెంకల అసలు సంగతి ఆయన భార్య సుమలతకు ఒక్కదానికే తెలుసు.

మొదటి ఏడాది ఆయన నిజంగానే కొట్టాడు. నల్లబెల్టు కట్టిన కొత్త, పైగా పెళ్లైన కొత్త. మూడు పగిలాయి. నాలుగోది పగలలేదు, బదులుగా చేతి ఎముక పగిలింది. చప్పట్ల మధ్య సాంసన్ నవ్వుతూ నిలబడ్డాడు. జనగణమన అయిపోయేదాకా కదలకుండా నిలబడి, తర్వాత నీళ్ల ట్యాంకు చాటుకు పోయి వాంతి చేసుకున్నాడు. నలభై రోజులు చెంచాతో అన్నం తిన్నాడు. అడిగినవాళ్లకు కందిరీగ కుట్టిందన్నాడు. కందిరీగ కుడితే పిండికట్టు ఎందుకని ఎవరూ అడగలేదు. మన దగ్గర నల్లబెల్టుకు ఆమాత్రం మర్యాద ఉంది.

మరుసటేడు నుంచి ఆయన కూలగొట్టిన ఇళ్ల పెంకలు ఏరుకొచ్చి, ఒక్కోదాని అడుగున ఆకురాయితో గీత పెట్టడం మొదలుపెట్టాడు. పైనుంచి చూస్తే కనబడదు, దెబ్బ పడితే గీత వెంబడే విరుగుతుంది. పెంకలు గురువే పేర్చాలి, వేరేవాళ్లు ముట్టకూడదు, అది కరాటే నియమమని పిల్లలకు చెప్పాడు. పిల్లలు నమ్మారు. కొన్నేళ్లకు ఆయన కూడా సగం నమ్మాడు.

ఇట్లా సాగుతుండగా జనగామ నుంచి శ్యాం అనే డైరెక్టరు వచ్చాడు.

"మూడు జిల్లాల కరాటే మాస్టర్లతోనే సినిమా తీస్తున్న సార్. తాళ్లు లేవు, డూపుల్లేవు. దెబ్బంటే అసలు దెబ్బే. మీ ఎనిమిది పెంకలే నా క్లైమాక్స్."

సాంసన్ వద్దందామనే నోరు తెరిచాడు. బయటికి వచ్చిన మాట మాత్రం "సరే".

రఘునాథపల్లి దగ్గర మూతపడ్డ రైస్‌మిల్లులో షూటింగు. సాంసన్ గోనెసంచిలో గీత పెట్టిన పెంకలు మోసుకొని బస్సెక్కాడు. వెంట శిష్యురాలు సౌందర్య. పత్తి ఏరే కూలికి పోయే సాలమ్మ కూతురు. ఎనిమిదో తరగతి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుంది. నెల కిందటే దవాఖానలో రక్తం తీసే పనిలో చేరింది. బస్టాండులో సాలమ్మ ఒకటే మాట అన్నది: "పిల్ల కాలు చెయ్యి పైలం సారూ. నీ మీద భారమేసిన."

మిల్లు గేటు దగ్గరే శ్యాం ఎదురొచ్చాడు. "సంచి ఏంది సార్?"

"పెంకలు. మనయి మనం తెచ్చుకుంటేనే మంచిదని..."

"అయ్యో, మీరెందుకు మోసిండ్రు సార్! బట్టీకెళ్లి సీదా కొత్తయి తెప్పిచ్చిన." ఎంతో గౌరవంగా సంచి అందుకొని వ్యానులో పెట్టి తాళం వేశాడు.

సాంసన్ ఒక కొత్త పెంకను తీసి తిరగేసి చూశాడు. అడుగున నున్నగా ఉంది. వేలితో కొడితే కంచులా ఖణేల్‌మంది. ఎన్నడో అతికిన ఎముక కలుక్కుమంది. అరగంటలో మూడుసార్లు గోడ చాటుకు పోయాడు. పోయిన ప్రతిసారీ అక్కడ భూపాలపల్లి మాస్టరు కైలాసం ఉన్నాడు.

"షుగరా అన్నా?" అన్నాడు కైలాసం.

"కాదు తమ్మీ, చలి" అన్నాడు సాంసన్. అది మే నెల.

చివరికి ఆయనకొక ఉపాయం తోచింది. తన వంతు రాగానే ఎండదెబ్బ తగిలినట్టు కూలబడిపోవాలి. పరువు కొంచెం పోయినా చెయ్యి దక్కుతుంది. ఆ ధైర్యంతో ఒక గ్లాసు మజ్జిగ కూడా తాగాడు.

అప్పుడు శ్యాం అన్నాడు, "ముందుగాల సౌందర్య చెల్లెది తీద్దాం. ఎన్ని పెట్టమంటవు చెల్లె?"

"సార్ ఎనిమిది కొడ్తడు గదా, నాకు ఆరు పెట్టుండ్రి. బడిల నాలుగు కొట్టిన, చీమ కుట్టినట్టు గూడ కాలే."

ఆ నాలుగింటికీ ముందురోజు కూచొని గీతలు పెట్టింది సాంసనే.

"రెండు చాలు బిడ్డా" అన్నాడు. "అసలు ఇయ్యాలే ఎందుకు..."

"ఏంది సార్, ఎన్నడు లేంది గింత పరేషాన్ అయితున్నరు? నా మీద నమ్మకం లేదా?"

అందరూ నవ్వారు. ఆరు కొత్త పెంకలు పేర్చారు. సౌందర్య బెల్టు సర్దుకొని ముందుకొచ్చింది. సూది గుచ్చేముందు నరం వెతికే ఆ సన్నని వేళ్లు పిడికిలిగా ముడుచుకున్నాయి. రెండుసార్లు కొలుచుకో, మూడోసారి కొట్టు, మధ్యలో అనుమానపడకు. నేర్పింది ఆయనే.

పిడికిలి దిగి పెంకను తాకి పైకి లేచింది. ఒకటి. పిడికిలి మళ్లీ దిగి లేచింది. రెండు. సౌందర్య ఊపిరి బిగబట్టింది.

సాంసన్ ఎప్పుడు కదిలాడో ఆయనకే తెలియదు. కెమెరా ముందుకు దూకి, పెంకల మీద తన చెయ్యి పరిచాడు.

దిగుతున్న పిడికిలి ఆయన చేతికి వేలెడు దూరంలో ఆగిపోయింది.

"ఏంది సార్ గిది!" సౌందర్య పిడికిలి వెనక్కి లాక్కుంది. "మీ చెయ్యి పోతుండె!"

"నీది పోతుండె బిడ్డా." ఇక దాచడానికేమీ లేదు. "నేను కొట్టేటియి గీత పెట్టిన పెంకలు. ఇరవై ఒక్క ఏండ్ల సంది."

"మరి నేను కొట్టినయి?"

"అయి గూడ."

కైలాసం గొంతు సవరించుకొని, "గీతలు నయమే. మేమైతే ముందుగాల్నే పలగ్గొట్టి బంకతోని అతికిస్తం" అన్నాడు. జనగామ మాస్టరు ఎందుకో తన కాళ్లవైపు చూసుకున్నాడు.

శ్యాం ఆ పెంకల పక్కనే కూలబడ్డాడు. "గట్లయితే నా సినిమాల అసలుది ఏమున్నది సార్?"

సౌందర్య మాత్రం ఎవరివైపూ చూడలేదు. కళ్లు తుడుచుకొని బెల్టు ముడి విప్పి, ఇంకా గట్టిగా బిగించింది.

"పెంకలు తియ్యుండ్రి అన్నా. సార్‌తోని నేను పోటీ ఆడ్త. ఏడేండ్ల సంది ఏం నేర్చుకున్ననో నాకు ఎర్క కావాలె."

"నేర్చుకున్నవు బిడ్డా, నిజంగనే నేర్చుకున్నవు" అన్నాడు సాంసన్ వెనక్కి జరుగుతూ. "ఇందాక పిడికిలి ఆపినవు చూడు, గది చాలు."

"చాలదు సార్."

శ్యాం లేచి కెమెరా వైపు పరుగెత్తాడు.

"జర నిమ్మళంగ బిడ్డా."

"నిమ్మళంగ కొడ్తే ఎట్ల తెలుస్తది సార్?"

సౌందర్య ఎదురుగా నిలబడి, ఆయన నేర్పినట్టే నడుము వంచి నమస్కరించింది. సాంసన్ కూడా వంగాడు. వంగవలసిన దానికన్నా చాలాసేపు వంగే ఉన్నాడు.