అనాయాస మరణాన్ని మాకు విడమరిచి చెప్పిన సలోమి గారు

మా ముత్తాత వెంకట్రాయుడు గారు ఉయ్యూరు పక్కన మూడు గ్రామాలకు మునసబు. తాత రాఘవయ్య గారు పొలానికి నడిచి వెళ్తుంటే సైకిళ్ల మీద వచ్చేవాళ్లు దిగి నిలబడేవారు. నాన్నగారి నాటికి ఆస్తి కరిగిపోయింది, ఆ దర్జా మాత్రం మిగిలింది. అలాంటి ఇంటివాడిని, ఒక నర్సమ్మ మరణవార్తకు ఇంతగా కుంగిపోతానని అనుకోలేదు. మంగళవారం ఉదయం విజయవాడలో సలోమి గారు కన్నుమూశారని ఫోను వచ్చింది. 

వేలమంది ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించి, ఏ మనిషికి ఏ వైద్యం సరిపడుతుందో తేల్చే పరిశోధన కోసం ఆమె మా వైపు ఇంటింటికీ తిరిగేవారు. ఏటా వచ్చి రక్తం తీసుకుని, ప్రశ్నలు అడిగి వెళ్లేవారు. "చీమ కుట్టినట్టుంటదండీ. చీమ కాస్త పెద్దదే, అబద్ధమెందుకు" అంటూ సూది గుచ్చేవారు. వరండాలోనే కూర్చునేవారు. లోపలికి రమ్మనడం నాకు తోచలేదు.

మొదటి ఏడు మా పెద్దవాళ్లు ఎలా పోయారని అడిగారు.

"తాతగారు, నాన్నగారు, బాబాయి, ముగ్గురిదీ అనాయాస మరణం. నిద్రలోనే. ఆ పుణ్యం మా ఇంటికే దక్కింది" అన్నాను. అది మా ఇంట్లో అందరూ చెప్పుకునే గొప్ప. ఆమె సహజ మరణమని రాసుకున్నారు.

మూడో ఏడు వచ్చినప్పుడు సూది బయటికి తీయలేదు.

"బాబుగారూ, అప్పటికి వాళ్లకి వయసెంతండీ?"

"నాన్నగారికి నలభై ఒకటి. మిగతా ఇద్దరికీ అంత కూడా లేవు."

"ఇట్టాంటి ఇల్లే కంకిపాడులో ఒకటి తగిలిందండీ. అది పుణ్యం కాదు, గుండె జబ్బు. ఆ రోజే అడగాల్సింది. మీ దర్జా చూసి జంకాను. తప్పు నాదే."

"మా వంశానికి రోగం అంటగడతావా?" అన్నాను.

"తిట్టండి బాబుగారూ. మీ అమ్మాయికి మాత్రం పరీక్ష చేయించండి. మిగతా తిట్లకి మళ్లీ వస్తాగా."

చేయించాం. గుండె లయ తప్పే దోషం నా నుంచే అమ్మాయికి వచ్చిందని తేలింది. మామూలుగా అందరూ వాడే కొన్ని మాత్రలు కూడా అమ్మాయి ప్రాణం తీయగలవట. నేను తలెత్తలేకపోయాను. "తెలిసి ఇచ్చారా ఏంటండీ? ఇప్పుడు తెలిసింది, చాలు" అన్నారు సలోమి గారు. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

మా పెద్దల గురించి అంత శ్రద్ధగా అడిగే మనిషి ఇక మా గడప ఎక్కరు. నిన్న సమాధి దగ్గర పూలు ఉంచడానికి అమ్మాయి నా పక్కనే నడిచి వచ్చింది. దాని గుండె లయ తప్పితే సరిచేసే యంత్రం పెట్టించడానికి అప్పట్లోనే కాలవ కింద మిగిలిన రెండెకరాలు అమ్మాం.