బొట్టు పెట్టిన గిటారు

పోయిన నెల మా చెల్లెలి కూతురు గిటారు కొనుక్కోవడానికి ధర్మపురికి పోతూ నన్ను తోడు రమ్మంది. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే కాబట్టి, నెరిసిన తలకాయ ఒకటి పక్కన ఉంటే అంగడివాడు కాస్త తగ్గిస్తాడని దాని ఆశ. బేరం నాకు వదిలేసి, అది మాత్రం ఒక్కొక్క గిటారునూ చేతికి తీసుకుని, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూడసాగింది. దూలానికి కొనే మాను వంకరగా ఉందేమోనని మా నాయన అచ్చం అలాగే చూసేవాడు. బాగా మెరుస్తున్నదాన్ని ఒకదాన్ని నేను చూపిస్తే, "దీని మెడ వంగింది పెద్దమ్మా. తీగ ఎత్తున నిలబడింది చూడు, నొక్కితే వేలు కోసేస్తాది. మనం కొనేది చూసేదానికా, వాయించేదానికా?" అంది. గిటారుకు మెడ వంగుతుందని ఆ దినం వరకూ నాకు తెలియదు. తెలియకుండానే ఒకదాన్ని ఎన్నో ఏళ్ళుగా మా దేవుడి గదిలో మేకుకు వేలాడదీసి ఉన్నాను.

నేను బడికి పోయింది తక్కువ. మా తాత ఇంటి అరుగు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. మా ఊరు ఇండూరు అరవదేశంలోది, చుట్టుపక్కలంతా అరవమే అయినా, గోవిందనామాలు మాత్రం తెలుగు అక్షరం చూసి చదవాలని ఆయన పట్టు. ఆ మనిషి పెట్టిన భిక్షతోనే ఇప్పటికీ శనివారం మా ఇంట్లో ఆడవాళ్ళ భజన నడుస్తోంది. నేను పుస్తకం చూసి పాడితే, అక్షరం రానివాళ్ళు నా వెనకాల అందుకుంటారు. ఎన్నో ఏళ్ళ కిందట, హార్మోనియం వాయించే ముసలాయన మోకాళ్ళు పట్టేసి రావడం మానుకున్నాడు. పాట ఉత్త గొంతుల మీద, చక్రం ఊడిన బండిలా, తలా ఒక దిక్కుకు పోయేది. ఆ రోజుల్లోనే మా అన్న మా ఇంటికి వచ్చాడు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. పెళ్ళి కచ్చేరీలలో గిటారు వాయించేవాడు. అరుగు మీద కూర్చుని తన ఎర్ర గిటారు మీద మా గోవిందనామం వరస ఊరికే అలా పలికించాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. అంతే, ఆ తీగలు నేనూ నేర్చుకుని భజనకు వాయించాలని కోరిక పుట్టింది. మా భజనలో అందరికన్నా పెద్దావిడ వినగానే మూతి తిప్పి, "గోవిందునికి సినిమా పెట్టె ఎందుకే? ఆయమ్మి అలమేలుమంగకు కోపమొస్తాది" అంది. ఆ మాట నేటికీ తలుచుకుని నవ్వుకుంటాను.

పాల సొసైటీకి పోసిన పాల డబ్బులో పండగ చీర మాని, నెయ్యి మాని, కొంత కూడబెట్టాను. గిటారంటే మా ఇంటావంటా తెలిసిన మనిషి అన్న ఒక్కడే గనుక ఆయన్నే అడిగాను. కచ్చేరీల మధ్యలో తీరిక చేసుకుని నన్ను అంగడికి పిలుచుకుపోయాడు. అక్కడ తేనె రంగులో సాదాగా ఉన్న గిటారు ఒకటి నా మనసుకు పట్టింది. తీగను ఊరికే తాకితే మెత్తగా, ఇంట్లో మనిషి పిలిచినట్టు పలికింది. నా డబ్బుకు సరిపోయేదే. అన్న దాన్ని తిప్పి చూసి, సులువుగా పలికేది సులువుగానే పాడవుతుందని చెప్పాడు. లోపలి గదిలోంచి అంగడివాడి చేత ఇంకొకటి తెప్పించాడు. నల్లగా నిగనిగలాడుతూ, కొత్త రంగు వాసన గుప్పున కొడుతూ ఉంది. దాని తీగలు గట్టిగా ఉన్నాయని నేను నసిగితే, "మొదట్లో అట్లే ఉంటాది పాపా. వేళ్ళు కాయ కాసినాక నువ్వే నాకు దండం పెడతావు" అన్నాడు. నిజమే, కాయ కాయక ముందే దండం పెట్టాను.

అంగడి దాటి బస్టాండుకు వచ్చే దారిలో వినాయకుని గుడి ఉంది. మా అన్న గుడికి వచ్చాడంటే బయట చెప్పులకు కావలి ఉండే మనిషి. లోపలికి రమ్మంటే సామికి నేనెవరో తెలుసులే అనేవాడు. ఆ దినం మాత్రం నాకన్నా ముందు తనే గిటారు ఎత్తుకుని లోపలికి పోయాడు. పూజారి బండ్ల పూజలకు అలవాటు పడ్డ చేతితో నిమ్మకాయ తీసుకుని, దీనికి చక్రం ఏదని వెతికాడు. కర్పూరం చూపించాక అన్న తన వేలితోనే కుంకుమ అద్ది దాని తల మీద ఇంత బొట్టు పెట్టాడు. ఇండూరు బస్సులో ఆ గిటారును ఒళ్ళో పెట్టుకుని, నా కోసం అన్న గడప దాటి లోపలికి వచ్చాడు కదా అని ఇల్లు చేరేవరకూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

తీగ నొక్కితే వేలి కొస చీరుకుపోయేది. ఎంత నొక్కినా స్వరం పక్కకు పోయేది. ఆ వేళ్ళతోనే వేడి రాగిముద్ద మెదిపి ఉండ చేసేటప్పుడు ప్రాణం విలవిలలాడేది. కొన్నాళ్ళు చూసి మా ఇంటాయన, అంగట్లో తిరిగి ఇచ్చి వేరేది తెచ్చుకొమ్మన్నాడు. నాకూ ఆ తేనె రంగుది కళ్ళలో మెదిలింది. అన్నను అడిగితే, సామికి చూపించి బొట్టు పెట్టినదాన్ని ఎవరైనా అంగడికి తిరిగి ఇస్తారా అని నన్నే అడిగాడు. అడిగినందుకు సిగ్గుపడి చెంపలేసుకున్నాను. ఇంకో రెండు నెలలు కష్టపడ్డాక ఆయనే నా చెయ్యి పట్టి చూసి, "వదిలెయ్యి పాపా. ఇది అందరికీ రాదు" అన్నాడు. నొప్పి కాదు, ఆ మాట నన్ను ఆపేసింది. వేళ్ళలో లేని విద్యను ఆశపడ్డానని దేవుడికి చెప్పుకుని, గిటారును మేకుకు తగిలించాను. శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టు పెట్టాను. దీపం దగ్గర, మేలు చేసినవాళ్ళను తలుచుకుని దండం పెట్టేటప్పుడు అన్ననూ తలుచుకునేదాన్ని, ఆ గుడి గడప దాటినందుకు.

మొన్న పెరటాసి నెల శనివారం పెరుమాళ్ళకు తళిగ వేసి, అంటే ఆకు నిండా నైవేద్యం పెట్టి, చుట్టాలను భోజనానికి పిలిచాను. అన్నా వదినా వచ్చారు. ఆకులు వేసేలోగా చెల్లెలి కూతురు తన కొత్త గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. తీగ మెత్తగా కిందికి దిగింది. గోవిందనామం మొదటి వరస తప్పు లేకుండా పలికింది. నమ్మలేక ఇంకోసారి మీటి చూశాను.

వదిన సంతోషంగా, "నీకు బాగా వస్తాదే! మరి అప్పుడెందుకు మానుకొన్నావు?" అంది. చెల్లెలి కూతురు దేవుడి గది వైపు చూపించి, దాని మెడ వంగింది గదా అత్తా, ఎట్ల వాయిస్తాది అంది.

"వంగకుండా ఎట్ల ఉంటాది? పెన్నాగరం కచ్చేరీలో వానకు నానిపోయింది గదా. ఎవరూ కొనలేదని నల్ల రంగు కొట్టించి మీ అన్న అంగట్లో పెట్టించినాడు. తన ఎర్ర గిటారే అది. నీకు తెలిసే తీసుకొన్నావనుకొన్నానే," అంది వదిన. ఆవిడ ముఖంలో కపటం లేదు. అన్న ఆకు ముందు కూర్చుని నీళ్ళు చల్లుకుంటున్నాడు. తలెత్తలేదు.

అన్నం వడ్డిస్తూ నేను ఒక్కటే అడిగాను, ఆ దినం గుడి లోపలికి ఎందుకు వచ్చినావన్నా అని.

చాలాసేపు ఆకు అంచు సరిచేసుకున్నాడు. "బొట్టు పెడితే నువ్వు తిరిగి ఇయ్యవని తెలుసు పాపా," అన్నాడు.

తళిగ నాడు ఆకు ముందు కూర్చున్నవాణ్ణి ఏమీ అనకూడదు. పప్పు వేశాను, నెయ్యి వేశాను. ఆయన తిన్నాడు. డబ్బు కోసం నాకు బాధ లేదు, ఆవులు మళ్ళీ పాలిచ్చాయి. ఇష్టపడి నన్ను మోసం చేసి ఉండడు, ఏదో అవసరం తరిమి ఉంటుంది. కానీ నా భక్తి కొలత సరిగ్గా తెలిసినవాడు గనుకనే దాన్ని తాడుగా పేని నన్ను కట్టేశాడు. పైగా ఆ తప్పును నా వేళ్ళ మీద రుద్దాడు. ఆ సాయంత్రం దీపం పెట్టి, తాతను తలుచుకున్నాను, చెల్లెలి కూతురిని తలుచుకున్నాను. అన్న దగ్గరికి వచ్చేసరికి చేతులు జోడించే ఉన్నాయి గాని పేరు నోటికి రాలేదు. సామికి చూపించినది తిరిగి ఇవ్వకూడదన్నాడు కదా. ఆయన పేరున ఇన్నేళ్ళూ సామికి చూపించిన దండాలను ఇక నేనెక్కడ తిరిగి అడగను? వాయించకుండా వదిలేసిన శనివారాలతో పాటే అవీ కాలానికి చెల్లిపోయాయి.